డ్రైవర్లు ఎక్కని గుట్ట

అత్త పోయిందని నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. మా ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గర పెట్టి లోపలికి పోవాలి. ఆ రోజు పొద్దున టీ బ్రేక్‌కు బయటికి వస్తే వాచ్‌మన్ తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన ఓనర్ కారు వచ్చినప్పుడు తప్ప లేవడు.

"మీ అత్త లేదురా ఇగ. తెల్లారంగ పానం పోయిందట. గుండె ఆగింది అంటున్రు."

గేటుకు ఎదురుగా, నీలం పట్టా కప్పి తాళ్ళతో కట్టేసిన టిఫిన్ బండి అట్లాగే ఉంది. నేను షిఫ్టుకు వచ్చేటప్పుడు కూడా అది మూసే ఉంది. చూశాను కూడా. జ్వరం వచ్చిందేమో అనుకుని లోపలికి పోయి మిషన్ ముందు నిలబడ్డాను. ఆమెను ఇంట్లో కింద పడుకోబెట్టి ఉన్న సమయంలో నేను ప్లాస్టిక్ మూతలు ఏరుకుంటున్నాను.

లీవు అడిగితే సూపర్‌వైజర్ కంప్యూటర్లోంచి తల తిప్పలేదు. "టిఫిన్ బండామె పోతే కూడ లీవేంది? నీకేమైతది ఆమె?" అన్నాడు. ఆ మాటకు నేనేం చేశానో ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో పని చేయడం లేదని మాత్రం చెప్తాను.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ గేటు ముందు తిన్నవాళ్ళందరికీ ఆమె అత్తే. మెషీన్ ఆపరేటర్లకు, లోడింగ్ వాళ్ళకు, బిహార్ నుంచి వచ్చిన పిల్లలకు కూడా. వాళ్ళు "అత్తాజీ" అనేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. "జీ లేదు గీ లేదు, ప్లేట్ పట్టు" అనేది. అత్త వాళ్ళ ఇల్లు మల్లాపూర్ వైపు ఒక బస్తీలో. వనపర్తి దగ్గరి పల్లె నుంచి పెళ్ళైన కొత్తలో ఇక్కడికి వచ్చారు. ఆమె భర్త, మేం మామ అనేవాళ్ళం, సొంత డీసీఎం వ్యాన్ నడిపేవాడు. కొడుకు క్యాబ్ డ్రైవర్.

నిలబడి ఫోన్ చూస్తూ తినేవాడికి ఆమె రెండోసారి చట్నీ వెయ్యదు. "ఫోన్ల పోసుకో" అనేది. దోశ పెనం వేడెక్కగానే మొదటి దోశ ఎవరు ముందొచ్చి నిలబడ్డా ఇవ్వదు. దాన్ని స్టీలు ప్లేట్లో పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, రోడ్డు దాటి తనే తీసుకుపోయి వాచ్‌మన్ తాతకు ఇచ్చేది. ఒకసారి నేను ఆకలి మీదుండి అరిచాను. "మేం లైన్ల ఉన్నం గద అత్తా, ఆయన వచ్చి తినరాదా?" అంటే, "నీకు కాళ్ళున్నయ్, వచ్చినవ్. ఆయన కాళ్ళు గేటుకు కట్టేసి ఉన్నయ్" అంది. 

నాకు కోపం ఎక్కువ. ఇది గొప్ప కాదు, రోగం. ఆ రోగంతోనే మూడు కంపెనీలు మారాను. ఆమె బండి దగ్గర నిలబడి రోజూ ఎవరో ఒకరిని తిట్టేవాణ్ణి. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టే కాంట్రాక్టర్‌ను, గ్లౌజులు ఇవ్వని ఓనర్‌ను, ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను, నన్ను పదో తరగతితో ఆపేసిన మా నాన్నను. అత్త వినేది. వింటూనే ప్లేట్ నా ముందుకు తోసేది. "తిని తిట్టు. ఖాళీ కడుపుతోని తిడితే అవతలోనికి తాకది."

ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే దానికీ ఆమే కారణం. పార్సిల్ కట్టడానికి పాత పేపర్లు కిలోల లెక్కన తెచ్చుకునేది. ఒకరోజు నేను పూరీ కట్టిన కాగితాన్ని నూనెతో సహా చదువుతుంటే చూసింది. ఆ తర్వాత నుంచి ఆదివారం అనుబంధాలు చింపేది కాదు. కథలు, పుస్తకాల పేజీలు ఉన్నవి ఏరి, బండి కింద డబ్బాలో వేరే పెట్టేది. ఆమెకు చదువు రాదు. మరి ఎట్లా ఏరుతున్నావని అడిగితే, "ఫోటోలు తక్కువ, అక్షరాలు ఎక్కువ ఉంటే నీది" అంది. నేను తెలుగు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ డబ్బాలో.

ఇప్పుడు గుట్ట గురించి చెప్పాలి. ఇన్ని చెప్పింది దానికే. ఎంత వాయిదా వేసినా ఇది రాయక తప్పదు.

నల్లమల అంచున ఒక గుట్ట ఉంది. పేరు రాయను. రాస్తే రీల్స్ తీసేవాళ్ళు పోయి చిప్స్ ప్యాకెట్లు పారేసి వస్తారు. పైన రాతి గుహలో లింగం. ఎండాకాలం మొదట్లో కొన్ని రోజులు జాతర జరుగుతుంది, అప్పుడు వేల మంది. మిగతా ఏడాదంతా ఆ దారిలో మనిషి ఉండడు. అచ్చంపేట దాటి, తారు రోడ్డు అయిపోయి, మట్టి రోడ్డు కూడా అయిపోయిన చోట బండ్లు ఆగుతాయి. అక్కడి నుంచి నడక.

మామ ప్రతి ఏడూ ఆ జాతరకు నాచారం నుంచి డీసీఎం నిండా జనాన్ని తీసుకుపోయేవాడు. పాతిక సంవత్సరాల పైనే. కానీ ఆయన ఒక్కసారి కూడా గుట్ట ఎక్కలేదు. డ్రైవర్లెవరూ ఎక్కరు. జాతరలో బండి వదిలి పోతే డీజిల్ పోతుంది, స్టెప్నీ పోతుంది, జనాల సామాన్లు పోతాయి. కాబట్టి అందరూ పైకి పోతే డ్రైవర్లు కింద బండ్ల నీడన టవల్ పరుచుకుని పడుకుంటారు. దిగివచ్చిన వాళ్ళు ఇంత ప్రసాదం చేతిలో పెడితే కళ్ళకద్దుకుంటారు. వాళ్ళ దర్శనం అంతే. అత్త మాత్రం ప్రతిసారీ ఎక్కేది.

"నేను పైన మొక్కుతా ఉంటా, ఆయన కింద గురక పెడ్తా ఉంటడు. ఇద్దరి పుణ్యం నేనే మోసుకొచ్చేది" అనేది.

మామ లివర్ చెడి చనిపోయాడు. మనిషి పోయిన ఇంటివాళ్ళు ఏడాది దాకా గుట్టలెక్కొద్దని మా వైపు కట్టుబాటు. గుడి గుట్టలు అసలే ఎక్కొద్దు. ఆ ఏడు జాతర వచ్చింది, పోయింది. అత్త పోలేదు. బండి దగ్గర ఆ ముచ్చట కూడా ఎత్తలేదు. సంవత్సరీకం అయిపోయిన వారానికి, వానాకాలం మధ్యలో, నా ప్లేట్లో ఇడ్లీలు వేస్తూ మెల్లగా అడిగింది.

"అల్లుడా, నీకు ట్రాలీ నడ్పొస్తది గద?"

"వస్తది. ఎందుకు?"

"గుట్టకు పోవాలె."

"ఇప్పుడా? వానలత్తా! సీజన్ల పోదాం తియ్యి."

"నా కొడుకు గూడ గదే అంటుండు. సీజన్ల పోతే బండి కాడ ఒగలుండాలె. ఇప్పుడైతే మంది ఉండరు, దొంగలుండరు. బండి ఇడ్సిపెట్టి పోవచ్చు. మామను తీస్కపోతా."

మామను తీసుకుపోవడం అంటే ఆయన ఖాకీ చొక్కా. ఉతికి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. దాన్ని గుహలో లింగం ముందు పెట్టి రావాలని. ఎవరూ చెప్పిన ఆచారం కాదు, ఆమె సొంతంగా అనుకున్నది. కిందే ఉండిపోయిన మనిషి ఒక్కసారి పైకి పోవాలి, అంతే.

మా యూనిట్ సరుకు మోసే చిన్న ట్రక్కు, మేం ట్రాలీ అంటాం, ఆదివారాలు నా దగ్గరే ఉండేది, సోమవారం పొద్దున్నే చర్లపల్లికి లోడు వెయ్యాలి కాబట్టి. ఓనర్‌కు చెప్పలేదు. అడిగితే ఇవ్వడని తెలుసు. ఆదివారం తెల్లవారుతుండగా ఉప్పల్ చౌరస్తా దాటేశాం. అత్త క్యాబిన్లో నా పక్కన, ఒళ్ళో చొక్కా కవరు, కాళ్ళ దగ్గర పులిహోర డబ్బా. కల్వకుర్తి వచ్చేదాకా ప్రతి గతుకుకూ నా డ్రైవింగ్‌కు వంక పెట్టింది.

"గేర్ మార్చు. మామ అయితే ఈడ మార్చేటోడు."

"మామ నడ్పింది డీసీఎం, ఇది ట్రాలీ."

"గతుకు గతుకే గద. బండిని బట్టి మార్తదా?"

ఇద్దరం నవ్వాం. ఆ పొద్దు ఆమె ఎంత నవ్విందో నాకు జ్ఞాపకం ఉంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి వాన చినుకులు పట్టుకుంది. మామ నడుపుతుంటే ఆమె ఎప్పుడూ వెనక జనంలో కూర్చునేదట. ముందు సీటు ఇదే మొదటిసారి అంది.

గుట్ట కింద మామ బండి ఆపే మెట్ట ఉంది. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి, కింద నల్లటి బురద. దాని పక్కన వాగుకు ఆ ఏడు ఇంకా నీళ్ళు రాలేదు, ఎండి ఉంది, గులక పరిచినట్టు గట్టిగా ఉంది. నేను బండిని వాగులోకి దింపాను.

"వాగుల పెట్టకు. మామ గా మెట్ట మీద పెట్టేటోడు" అంది.

"అది సీజన్ల అత్తా. ఇప్పుడు టైర్లు దిగవడ్తయి. ఎవడు గుంజాలె?"

 ఆమె చెప్పులు విప్పి క్యాబిన్లో పెట్టింది. కర్ర ఒకటి ఏరుకుని ముందు నడిచింది.

జాతరప్పుడు ఆ దారి మట్టిరోడ్డంత వెడల్పు ఉంటుందట. ఇప్పుడు గడ్డి నడుము దాకా ఉంది. చెట్టు నుంచి చెట్టుకు సాలెగూళ్ళు. ఆమె కర్రతో వాటిని చుట్టి పక్కకు తీస్తూ, "సీజన్ల ఇయ్యి ఉండయి. ముందు పోయినోని మొఖంతోనే తెగుతయి" అంది. రాళ్ళు పాకురు పట్టి ఉన్నాయి. పైన ఒక పక్షి తప్ప ఏ చప్పుడూ లేదు. జనం ఉన్నప్పుడు దేవుణ్ణి అరిచి పిలుస్తూ ఎక్కుతారని విన్నాను. మనమూ పిలుద్దామా అని అడిగాను. "ఎందుకు ఒర్లుడు? ఆయన చెవిటోడు గాదు. మంది ఉంటే వినవడదని ఒర్లుతరు" అంది.

ఆమె నాకంటే బాగా ఎక్కింది. నాకు ఆయాసం వచ్చిన చోట ఆమె ఆగి పులిహోర డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. సగం దారి దాటాక తూనీగలు కిందికి దిగాయి. గుట్ట అవతల ఉరిమింది. మా మీద చినుకు లేదు. కానీ ఎగువన పడుతోందని గాలి చెప్తూనే ఉంది.

నా తలలో ఒకటే బొమ్మ. వాగు. ఎగువ వాన. గులకల మీద ఓనర్ ట్రాలీ.

"అత్తా, దిగుదాం."

"ఎందుకు? దగ్గర్కొచ్చినం."

"వాన వస్తుంది. నీళ్ళొస్తే బండి కొట్కపోతది."

ఆమె కర్రతో పైకి చూపించింది. "గా మలుపు తిరిగితే కింద అంత కనవడ్తది. వాగు, మెట్ట, అన్ని. నేను ప్రతిసారి ఆడ నిలవడి మామ బండి సూస్తుంటి. ఆడికి పోదాం. నీళ్ళొస్తున్నయో లేదో నీ కండ్లతోని సూడు. వస్తే దిగుదాం."

ఎంత సూటిగా చెప్పిందో చూడండి. ఇందులో అర్థం కానిదేం లేదు. కానీ నన్ను పైకి లాగడానికి చెప్తోందని అనుకున్నాను. నేను నమ్మలేదు.

"నువ్వు పో, బండి సూస్కో. నేను మెల్లగ పోయొస్తా" అంది మళ్ళీ.

"అడవిల నిన్నొక్కదాన్ని ఇడ్సి పోతే నాకేమన్న బుద్ధుందా? నీకేమన్నయితె నన్ను పట్టుకుంటరు!"

"ఏం గాదు నాకు. ఎన్నిసార్లు ఎక్కలే?"

అప్పుడు అన్నాను. గొంతు చించుకుని అన్నాను. ఆ గుట్ట మీద మేమిద్దరమే, అయినా అరిచాను. "సచ్చినోనికి గుట్టెందుకత్తా! బతికినోని కొలువు పోతది ఈడ!"

ఎదురుగా రాతి గోడ ఆ మాటను మళ్ళీ వినిపించింది. నా మాట నాకే.

అత్త నా ముఖంలోకి చూడలేదు. కవరు మూతి విప్పి ఉంది, దాన్ని మడిచి ముడి వేసింది. వానొస్తే చొక్కా తడవకుండా పమిట కిందికి తీసుకుంది. "పా. బండి సూద్దాం" అని నాకంటే ముందు దిగడం మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు జారని కాళ్ళు దిగేటప్పుడు జారాయి. నేను చెయ్యి పట్టుకోబోతే కర్ర ఆ చేతిలోకి మార్చుకుంది. కోపంతో కాదు, అది నాకు తెలుసు. ఆ క్షణాన నా చెయ్యి ఆమెకు అల్లుడి చెయ్యి కాలేకపోయింది, అంతే.

కిందికి వచ్చాం. వాగులో నీళ్ళు లేవు. గులకలు ఎట్లా ఉన్నాయో అట్లానే, పొడిగా. ట్రాలీ మీద ఎండుటాకులు రెండు రాలి ఉన్నాయి. గుట్ట అవతల పడ్డ వాన అవతలే పోయినట్టుంది.

అత్త బండి చుట్టూ తిరిగింది. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏం గాలే. మంచిగుంది" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే బతికిపోయేవాణ్ణి. తిరిగి తిట్టేవాణ్ణి.

"ఇప్పుడు పోదామా అత్తా? ఇంక టైముంది" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

"మోకాళ్ళు ఇగ లేవయి బిడ్డా. ఒక్క పొద్దుకు ఒక్కసారే" అంది.

 తిరుగు దారిలో అచ్చంపేట దాటాక తనే అంది, రోడ్డు వంకే చూస్తూ. "మామ గూడ గిట్లనే. బండంటే పానం. డ్రైవర్లంత గంతే." నన్ను మామతో కలిపి క్షమించిందని నాకు అప్పుడు అర్థం కాలేదు. మామ ప్రాణం పెట్టిన బండి మామది. నేను వణికిన బండి నాది కాదు. అది ఉంటే ఏంటి, పోతే ఏంటి? ఆ ఓనర్ సోమవారం టైర్ల మట్టి కూడా గమనించలేదు.

మర్నాడు పొద్దున టిఫిన్ బండి దగ్గరికి పోవద్దనుకున్నాను. పోయాను. ప్లేట్లో ఎప్పటిలాగే వేసింది. డబ్బాలోంచి ఆదివారం పేజీలు తీసి ఇచ్చింది. "నిన్న నువ్వు లేవు గద, నేనూ లేను. పక్క హోటలాయనకు చెప్పి పక్కకు పెట్టించిన" అంది. గుట్టకు పోయే ముందు రోజే నా పేపర్ల సంగతి చూసుకుని వచ్చింది. ఆ పేజీలు నేను ఇంతవరకు చదవలేదు.

"సీజన్ల మళ్ళ పోదాం అత్తా, నేనే తీస్కపోతా" అని ఒకసారి అన్నాను.

"సీజన్ల నువ్వు బండి కాడ ఉండాలె గద" అని నవ్వింది. మళ్ళీ ఆ మాట రాలేదు. చలికాలం నడుమ ఆమె పోయింది.

దహనానికి పోయాను. పాడె మోసే నలుగురిలో చోటు లేదు, చుట్టాలున్నారు. వెనక నడిచాను. పాడె లేవకముందు, ఇంటి ముందు వాళ్ళ చుట్టాల్లో ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నిన్ను మస్తు తల్సేది బిడ్డా. వానల గుట్టకు తీస్కపోయినవట. ఏడ జారి పడ్తనో అని పానం లెక్క పట్టుకుని దించుకొచ్చినవట. సొంత కొడుకు చెయ్యని పని చేసిండు అనేది."

అత్త అట్లా చెప్పుకుందట. బస్తీ మొత్తానికి అట్లానే చెప్పిందట. నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పిందో, నిజంగా అట్లానే అనుకుందో నాకు తెలియదు. ఆ ఇంటి ముందు మంచివాడిగా నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. తెరిస్తే ఆమె మాట పోతుంది. తెరవకపోతే నేను ఆమె శవం దగ్గర దొంగ. ఆ రోజు నుంచి ఎవరు నన్ను మంచి పిల్లగాడన్నా అక్కడి నుంచి లేచిపోతున్నాను.

దినాలు అయిన రోజు భోజనాల తర్వాత ఆమె కొడుకు నన్ను లోపలికి పిలిచాడు. గుండు, కొత్త టవల్. మామ చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టాడు. అదే కవరు. ఆమె వేసిన ముడి అట్లానే ఉంది.

"అమ్మ బీరువాల బట్టల నడ్మ పెట్టుకుంది. నేను నిప్పు పెట్టిన, ఏడాది దాక గుట్టలెక్కొద్దు నాకు. మా ఇంటోళ్ళెవరికీ ఎక్కొద్దు. జాతర దాక ఎందుకు, నువ్వు ఒకసారి పోయి పైన పెట్టి రా తమ్మీ. నువ్వయితే పోవచ్చు గద. నువ్వు మాకేం గావు."

మంచి మనసుతోనే అన్నాడు. కట్టుబాటు ప్రకారం సరైన మాట. కానీ నేను ఆ దినాలన్నీ చెప్పుల్లేకుండా తిరిగాను. గడ్డం తియ్యలేదు. మాంసం ముట్టలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆమె నాకు ఏదో అవుతుందని నాకు నేనే పెట్టుకున్న గుర్తు అది.

ఇప్పుడు రెండే దారులు. ఆమె నాదే అనుకుని ఏడాది పాటిస్తే గుట్ట ఎక్కకూడదు. మామ మళ్ళీ ఏడాది కిందే ఉంటాడు, మళ్ళీ నా వల్లే. ఎక్కాలంటే, ఆమె నాకేమీ కాదని ఒప్పుకోవాలి. కొన్ని రోజులు గదిలో ఆ కవరు ముందు కూర్చున్నాను. నాకు పాటించాలనే ఉంది. పాటిస్తే నాకు బాగుంటుంది, దుఃఖానికి ఒక మర్యాద ఉంటుంది. నాకు బాగుండే పని ఆ గుట్ట మీద ఒకసారి చేశాను. చాలు.

గడ్డం గీయించుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. ఎంజీబీఎస్ బస్టాండులో అచ్చంపేట బస్సెక్కి, అక్కడి నుంచి షేర్ ఆటోలో చివరి ఊరి దాకా పోయి, మిగతాది నడిచాను. బండి లేదు.

జాతర రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి. గడ్డి ఎండి పసుపు రంగులో ఉంది. గుట్ట మొదట్లో ఒక ముసలాయన మేకలు కాస్తున్నాడు. జాతరప్పుడు ఎక్కేవాళ్ళను ఆపి అడిగేది కూడా ఆయనేనట. నా చేతిలో కవరు చూసి దారికి అడ్డంగా కర్ర పెట్టాడు.

"ఒక్కనివే వస్తివి? సీజన్ గాదు గద."

"మొక్కుంది తాతా."

"ఇంట్ల ఎవరన్న పోయిన్రా ఈ నడ్మ? పోతే ఎక్కొద్దు బిడ్డా. చెప్పు."

అక్కడ నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మేకలు రెండు నా పక్క నుంచే పోయాయి. 

"నిన్నే. మీవోళ్ళెవరన్న పోయిన్రా?"

"లేదు తాతా," అన్నాను. "మావోళ్ళెవరూ పోలే."

కర్ర తీశాడు.

ఏడుస్తూ ఎక్కాను. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. సాలెగూళ్ళు నా ముఖంతోనే తెగాయి. అత్తను నేను వెనక్కి తిప్పిన చోటు దాటి ఆ మలుపు తిరిగితే కింద అంతా కనిపించింది, అత్త చెప్పినట్టే. వాగు కనిపించింది, మెట్ట కనిపించింది. నేను ట్రాలీ పెట్టిన గులకలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు అనిపించేంత తేటగా. ఆ రోజు ఇక్కడిదాకా వచ్చి ఉంటే, పొడిగా ఉన్న వాగు ఆ మబ్బు కింద కూడా తెల్లగానే కనిపించి ఉండేది. అక్కడి నుంచి పైకి ఎంతో దూరం లేదు. ఒక పాట పాడుకునేంత.

గుహ నేననుకున్నంత పెద్దది కాదు. మోకాళ్ళ మీద వంగి పోవాలి, లోపల ఒక్క మనిషికే చోటు. రాతిలోంచి నీళ్ళు చుక్కచుక్కగా లింగం మీద పడుతున్నాయి. అత్త వేసిన ముడి విప్పడం చేతకాలేదు. పళ్ళతో కూడా రాలేదు. కవరుతో సహా పెట్టాను. ఏం మొక్కాలో తెలియలేదు. "మామ వచ్చిండు" అన్నాను.

జాతరలో దర్శనం చేసుకున్నవాడు వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చి, వెనక ఉన్నవాళ్ళు లోపలికి పోవడానికి పక్కకు జరగాలి. నేనూ అట్లానే బయటికి వచ్చాను. గుహ మూతికి అడ్డం లేకుండా పక్కకు జరిగి, రాతికి వీపు ఆనించి, వెనక అత్త ఉన్నట్టు, తరువాతి మనిషికి దారి విడిచి చాలాసేపు నిలబడ్డాను.